ఒకరికి మామూలు, ఇంకొకరికి కొత్త: నలుగురి జ్ఞానం కలిపి ఆలోచన పుట్టించే పద్ధతి

1928 సెప్టెంబరులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవుల నుంచి లండన్‌లోని తన ల్యాబ్‌కు తిరిగొచ్చి చూస్తే ఒక గాజు పళ్లెంలో బూజు పట్టి ఉంది. బూజు చుట్టూ బ్యాక్టీరియా చచ్చిపోయి ఉంది. పెన్సిలిన్ కథ ఇలా మొదలైందని అందరికీ తెలుసు. ఆ తర్వాత పదేళ్ల పైచిలుకు ఏం జరిగిందో మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. చెప్పుకోదగ్గది అక్కడ జరిగింది కూడా తక్కువే. బూజు రసంలోంచి మందును విడదీయడం ఫ్లెమింగ్ వల్ల కాలేదు. ఆయనకు బ్యాక్టీరియా తెలుసు, రసాయన శాస్త్రం చేతిలో లేదు. 1929లో ఒక పేపర్ ప్రచురించి, కొన్నాళ్లకు వేరే పనుల్లో పడిపోయాడు.

1939లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక బృందం ఆ పని మళ్లీ చేతికి తీసుకుంది. నడిపించినవాడు హోవర్డ్ ఫ్లోరీ అనే పాథాలజిస్టు. రసాయనాల వైపు చూసుకున్నవాడు ఎర్నెస్ట్ చెయిన్. వీళ్లతో పాటు నార్మన్ హీట్లీ అనే కుర్ర బయోకెమిస్టు ఉన్నాడు. ఏ పరికరం లేకపోయినా దొరికిన సామానుతో తయారు చేసుకునే మనిషి. రసానికి ఆమ్లం కలిపితే పెన్సిలిన్ ఈథర్ అనే ద్రావకంలోకి వస్తోంది కానీ, ఈథర్‌లోంచి పాడవకుండా బయటికి తీయడం తెలియక అందరూ ఆగిపోయారు. కాస్త క్షారగుణం ఉన్న నీళ్లలోకి దాన్ని తిరిగి లాగేద్దామన్నాడు హీట్లీ. అంతే, దారి దొరికింది. 1941లో ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్లారు. అక్కడ పియోరియాలోని వ్యవసాయ పరిశోధన ల్యాబ్‌లో పిండి పరిశ్రమ నుంచి మిగిలే మొక్కజొన్న నానబెట్టిన నీళ్లు కావలసినన్ని ఉండేవి. ఆ నీళ్లలో బూజును పెంచి చూస్తే పెన్సిలిన్ దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది.

ఆ నీళ్లు పియోరియా వాళ్లకు రోజూ కనబడే వ్యర్థం. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అలాంటిదొకటి ఉంటుందని కూడా ఊహించలేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. కొత్త ఆలోచనకు కావలసిన ముక్క చాలాసార్లు ఎవరో ఒకరి దగ్గర ఉండనే ఉంటుంది. "ఇందులో చెప్పడానికేముంది" అనుకుని వాళ్లు నోరు విప్పరు. కాబట్టి రకరకాల వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టడం చిన్న పనే. వాళ్లు మామూలు అనుకునేదాన్ని బయటికి రప్పించడం దగ్గరే పని అంతా ఉంది. కింద చెప్పే దశలన్నీ దానికోసమే.

మొదటి దశ: సమస్యను మీ వృత్తి భాషలోంచి బయటికి తీయండి

ఎక్కువ చర్చలు ఇక్కడే దెబ్బతింటాయి. సమస్యను మన శాఖ భాషలో రాస్తే, ఆ భాష వచ్చినవాళ్లే జవాబు చెప్పగలరు. వాళ్లకు తోచే జవాబులు మీకూ ఎప్పుడో తోచి ఉంటాయి.

అలాస్కాలో ఒలికిన చమురును తొలగించే మార్గాల మీద పరిశోధించే సంస్థకు ఒక చిక్కు వచ్చింది. నీళ్లతో కలిసిన చమురును పడవల ట్యాంకుల్లోకి ఎక్కిస్తే, ఆ చలికి అది చిక్కబడి బయటికి పంపు చేయడానికి రావడం లేదు. 2007లో ఈ ప్రశ్నను ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టారు. జవాబు పంపిన జాన్ డేవిస్ అనే కెమిస్టుకు చమురు రంగంతో సంబంధమే లేదు. ఎప్పుడో కాంక్రీటు పోసే పనికి వెళ్లినప్పుడు, అది గట్టిపడకుండా కదులుతూ ఉండటానికి వైబ్రేటర్ వాడటం చూశాడు. అదే పరికరాన్ని కాస్త మార్చి చమురులో పెట్టమన్నాడు. ఆయనకు 20 వేల డాలర్ల బహుమతి వచ్చింది. సమస్యను "చమురు తొలగింపు" అని మాత్రమే చూస్తే కాంక్రీటు ఎవరికి గుర్తొస్తుంది? "చిక్కబడిన ద్రవాన్ని మళ్లీ పారేలా చేయడం" అని చూస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది.

మీరు చేయాల్సింది ఇది. ఒక పేజీ దాటకుండా సమస్య రాయండి. ఏం జరుగుతోంది, ఏం జరగాలి, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు, అవి ఎందుకు పనికిరాలేదు, ఎంత ఖర్చు, ఎంత సమయం అన్నవి అందులో ఉండాలి. తర్వాత మీ రంగం మాటలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, వాటి బదులు అవి చేసే పనేమిటో రాయండి. చివరికి ఆ పేజీని మీ రంగంతో సంబంధం లేని ఒకరికి ఇచ్చి, చదివాక తిరిగి మీకే చెప్పమనండి. వాళ్లు తడబడ్డ చోటల్లా తిరగరాయాలి. నా మటుకు నాకు మూడో చిత్తుకు గానీ సరిగ్గా కుదరదు.

"ప్రయత్నించి పనికిరానివి" అన్న భాగాన్ని సిగ్గుపడి వదిలేయకండి. బయటివాళ్లకు ఎక్కువ ఉపయోగపడేది అదే.

రెండో దశ: ఎవరిని పిలవాలి

హోదాలు చూసి పిలిస్తే హోదాలే వస్తాయి. ఆ విషయాన్ని ఎవరు ఏ వైపు నుంచి తాకుతున్నారో చూడండి. నా లెక్కలో మూడు రకాల వాళ్లు కావాలి. ఒకటి, విషయం లోతుగా తెలిసినవాళ్లు. రెండు, ఆ పనిని చేత్తో చేసేవాళ్లు, లేదా దాని ఫలితాన్ని రోజూ అనుభవించేవాళ్లు: నర్సు, టెక్నీషియన్, డ్రైవర్, కౌంటర్లో కూర్చునే మనిషి. మూడు, ఇలాంటి చిక్కే పూర్తిగా వేరే రంగంలో ఎదుర్కొన్నవాళ్లు.

రెండో రకాన్ని పిలవడం మనం తరచు మర్చిపోతాం. మూడో రకాన్ని పిలవాలంటే మొహమాటపడతాం.

ఎంతమంది అంటే అయిదుగురు, ఆరుగురు. ఎనిమిది దాటితే సగం మంది వినడానికే వస్తారు. వాళ్లలో బయటివాళ్లు ఎందరు ఉండాలన్నదే అసలు ప్రశ్న. ఎంత వైవిధ్యం ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు, నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. 2013లో వచ్చిన ఒక అధ్యయనం కోటీ 79 లక్షల శాస్త్ర పత్రాలను తీసుకుని, ఏ పత్రం ఏయే పాత పనులను కలిపిందో చూసింది. ఎక్కువ ప్రభావం చూపిన పత్రాలు మొత్తం వింత కలయికలతో నిండి లేవు. చాలావరకు పాత దారిలోనే నడుస్తూ, ఒక చోట మాత్రం ఎవరూ కలపని దాన్ని కలిపినవే ముందున్నాయి. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే సంగీత నాటకాల బృందాల మీద 2005లో వచ్చిన అధ్యయనం కూడా దీనికి దగ్గరగానే ఉంది. అందరూ పాతవాళ్లే అయినా, అందరూ కొత్తవాళ్లే అయినా నాటకాలు అంతగా ఆడలేదు. పాత స్నేహాలూ కొత్త ముఖాలూ కలిసిన బృందాలవే బాగా ఆడాయి. కాబట్టి ఆరుగురిలో ఒకరో ఇద్దరో బయటివాళ్లు చాలు. ఆరుగురూ ఆరు దిక్కుల నుంచి వస్తే, ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలోపే సాయంత్రమైపోతుంది.

బయటి మనిషి ఎక్కడ దొరుకుతాడు? మొదటి దశలో రాసిన పేజీని చూడండి. "చిక్కబడిన ద్రవం" అని ఉంటే, ఇంకెక్కడెక్కడ ద్రవాలు చిక్కబడతాయో ఒక జాబితా రాయండి. మీకు ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్లను అడగండి. దగ్గరి స్నేహితులకు దాదాపు మనకు తెలిసినవే తెలుస్తాయి.

మూడో దశ: కలవడానికి ముందు విడివిడిగా రాయించండి

అందరినీ కూర్చోబెట్టి నోటికొచ్చిన ఆలోచనలు చెప్పించడాన్ని బ్రెయిన్‌స్టార్మింగ్ అంటారు. ప్రకటనల రంగంలో పనిచేసిన అలెక్స్ ఆస్బోర్న్ ఈ పద్ధతికి ప్రచారం తెచ్చాడు. 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనల కంటే, నలుగురు విడివిడిగా కూర్చుని రాసినవి కలిపితే ఎక్కువ వచ్చాయి, మంచివీ ఎక్కువే ఉన్నాయి. తర్వాతి పరిశోధనల్లో కారణం కూడా బయటపడింది. ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగతావాళ్లు తమ ఆలోచనను నోట్లోనే పట్టుకుని కూర్చోవాలి. వంతు వచ్చేసరికి అది చల్లారిపోతుంది, లేదా ముందువాడి మాట వైపు వంగిపోతుంది.

ఇంత తెలిసినా ఆ పద్ధతి ఎందుకు పోలేదంటే, కలిసి కూర్చుంటే బాగుంటుంది కాబట్టి. టీ ఉంటుంది, నవ్వులుంటాయి, ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది.

సమావేశానికి మూడు రోజుల ముందే సమస్య పేజీ పంపి, ఒక్కొక్కరినీ విడిగా రాసి పంపమనండి. ఏం అడగాలన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. "మీకు మాత్రమే తెలిసినది ఏమిటి?" అని అడిగితే అందరూ "అలాంటిదేమీ లేదండీ" అంటారు. అబద్ధం కాదు, వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. నాకు పనికొచ్చిన ప్రశ్నలు ఇవి:

- మీ పనిలో దీనికి దగ్గరగా ఉండే చిక్కు ఏది? అది వస్తే ఏం చేస్తారు?
- మీ దగ్గర కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో ఎక్కడ పొరపాటు చేస్తారు?
- మీ రంగంలో అందరూ మానేసిన పాత పద్ధతి ఏదైనా ఉందా? ఎందుకు మానేశారు?
- ఈ పేజీ చదివి "ఇది ఇలా ఎందుకు చేస్తున్నారు?" అనిపించిన చోటు ఏది?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు చదవడం నాకు చాలా ఇష్టం. కొత్తవాడికి కనబడక పాతవాడికి కనబడేదేదో, ఆ మనిషి అనుభవం అదే. నేరుగా అడిగితే బయటికి రాదు, కొత్తవాళ్ల పొరపాట్ల గురించి అడిగితే ధారగా వస్తుంది.

నాలుగో దశ: గదిలో గంటన్నర

1985లో స్టాసర్, టైటస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు అభ్యర్థుల్లో ఒకరిని ఎంచుకోమని చిన్న చిన్న బృందాలకు చెప్పారు. కొంత సమాచారం అందరికీ ఇచ్చి, మిగతాది ముక్కలుగా ఒక్కొక్కరికే ఇచ్చారు. అన్ని ముక్కలూ కలిపితేనే ఎవరు మేలో తెలుస్తుంది. బృందాలు ఎక్కువగా అందరికీ తెలిసినదాన్నే చర్చించాయి. ఒక్కరికే తెలిసిన ముక్కలు చాలావరకు బల్ల మీదికే రాలేదు. చాలా బృందాలు తప్పు మనిషిని ఎంచుకున్నాయి. అందరూ తలూపే మాట మాట్లాడటం హాయిగా ఉంటుంది. ఎవరికీ తెలియని మాట ఎత్తడం కాస్త ఇబ్బంది. మన మీటింగులు గుర్తుకొస్తున్నాయా?

ఈ అలవాటును ఎదుర్కోవాలంటే గంటన్నరను ఇలా విడగొట్టండి.

మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. అందరూ రాసినవి పేర్లు లేకుండా బల్ల మీద ఉంచి, అందరూ చదవాలి. మనిషిని చూసి కాకుండా మాటను చూసి చదవడం అలవాటవుతుంది.

తర్వాతి అరగంటలో ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో తమ రంగంలో ఆ విషయం ఎలా ఉంటుందో మాత్రమే చెప్పాలి. పరిష్కారాలు ఇంకా వద్దు. పరిష్కారం ఒకటి బల్ల మీదికి వచ్చిందంటే మిగతా సమయమంతా దాన్ని పొగడటానికో తిట్టడానికో సరిపోతుంది. ఎవరైనా అర్థం కాని మాట వాడితే వెంటనే ఆపి అడగాలి. ఆ పని ముందు మీరే చేయండి. తెలిసినా తెలియనట్టు అడగండి, మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

బాస్ చివరన మాట్లాడాలి. ఒకసారి నేను ఏర్పాటు చేసిన చర్చలో ఈ నియమం పెట్టడం మర్చిపోయాను. పెద్దాయన వస్తూనే "నాకైతే ఇలా చేస్తే బాగుంటుందనిపిస్తోంది" అన్నాడు. ఎంతో మర్యాదగా, చిన్న గొంతుతో. ఎనిమిది మంది గంటసేపు ఆ ఒక్క ఆలోచననే ఎనిమిది రకాలుగా చెప్పారు. తప్పు ఆయనది కాదు, నాది.

ఎదుటివాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా తమ రంగంలో మామూలు విషయాన్ని మొహమాటం లేకుండా చెప్పే మనిషి ఒక్కరున్నా ఎంత తేడా వస్తుందో డీఎన్ఏ కథ చెబుతుంది. 1953 మొదట్లో జేమ్స్ వాట్సన్ అట్టముక్కలతో డీఎన్ఏ మోడల్ కట్టడానికి తంటాలు పడుతున్నాడు. అందులోని అణువుల ఆకారాలను పాఠ్యపుస్తకాల్లోంచి తీసుకున్నాడు. అదే గదిలో కూర్చునే జెర్రీ డోనహ్యూ అనే కెమిస్టు అవి చూసి, పుస్తకాల్లో ఉన్నవి తప్పు, హైడ్రోజన్ వేరే చోట ఉండాలి అన్నాడు. ఆయన పనిచేసేదే అలాంటి అణువుల మీద. ఆకారాలు మార్చి పేర్చగానే జతలు అతికినట్టు కుదిరాయి. వాట్సన్ జీవశాస్త్రం నుంచి, అతనితో కలిసి పనిచేస్తున్న ఫ్రాన్సిస్ క్రిక్ భౌతికశాస్త్రం నుంచి వచ్చారు. ఈ ముక్క ఇద్దరి దగ్గరా లేదు. డోనహ్యూ ఆ గదిలో కూర్చోవడం అదృష్టమే. అడక్కపోయినా ఆ మాట చెప్పడం మాత్రం అదృష్టం కాదు.

అయిదో దశ: కలపడం

మిగతా సమయంలో ఎక్కువ భాగం దీనికే. దీన్ని మాటల్లో చెప్పడం కంటే జరిగిన ఒక పని చూపించడం మేలు.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో, గుండె ఆపరేషన్ అయిన పిల్లల్ని థియేటర్ నుంచి ఐసీయూకి మార్చే కొద్ది నిమిషాలు చాలా ప్రమాదకరంగా ఉండేవి. గొట్టాలు, మానిటర్లు, మందులు, సమాచారం అన్నీ ఒక్కసారే చేతులు మారాలి. అక్కడి డాక్టర్లు టీవీలో ఫార్ములా వన్ రేసు చూస్తుండగా, కారు చక్రాలు మార్చే పిట్ సిబ్బంది మీద దృష్టి పడింది. ఫెరారీ బృందంతో మాట్లాడారు. తాము పిల్లల్ని మార్చే తీరును వాళ్లకు చూపించారు.

ఇప్పుడు ఏం తీసుకున్నారో, ఏం వదిలేశారో చూడండి. రేసు వాళ్ల ప్రాణం వేగం. డాక్టర్లు వేగాన్ని తీసుకోలేదు. అప్పట్లో పిట్‌లో ఒకడు బోర్డు పట్టుకుని నిలబడి మొత్తం పనిని నడిపించేవాడు, అతను సైగ చేస్తే తప్ప కారు కదిలేది కాదు. ఆస్పత్రిలో ఆ నిమిషాల్లో పెత్తనం ఎవరిదో స్పష్టంగా లేదు. ఆ బాధ్యతను మత్తు డాక్టరుకు అప్పగించారు. ఎవరు ఏ పని చేయాలి, ఏది ముందు ఏది తర్వాత అన్నది రాసి పెట్టుకున్నారు. పరికరాలు అమర్చడం అయ్యాకే సమాచారం చెప్పాలని నియమం పెట్టుకున్నారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఒక్కో మార్పిడిలో సాంకేతిక పొరపాట్లు సగటున 5.42 నుంచి 3.15కి తగ్గాయి.

కలపడమంటే ఇది. పైకి కనబడే పోలిక కోసం వెతక్కండి. ఆస్పత్రికీ రేసు ట్రాక్‌కీ పైకి పోలికేమీ లేదు. రెండు చోట్లా పని ఏ ఆకారంలో ఉందో చూడాలి: కొద్ది సమయం, ఎక్కువ చేతులు, ఒక్క పొరపాటుకు పెద్ద నష్టం. అందుకే మీ గదిలో ఒక్కో అనుభవం విన్నాక మూడు ప్రశ్నలు వేయండి. మన చిక్కుకూ దీనికీ పని ఆకారంలో ఏది ఒకటే? వాళ్లు దాన్ని దేనితో దాటుతున్నారు? అందులో మన దగ్గర పనికిరానిదేది? మూడో ప్రశ్నను ఎవరూ వేయరు. వేరే చోట బాగా నడిచిందని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టుకుని నష్టపోయినవాళ్లు కోకొల్లలు.

ఈ దశలో గొడవ వస్తుంది, రావాలి కూడా. అది దేని గురించో మాత్రం చూసుకోండి. "ఇది పనిచేయదు" అనేది పరీక్షిస్తే తేలే గొడవ. "నాకు నచ్చలేదు" అనేది ఎంతసేపు మాట్లాడినా తేలదు. మొదటిదాన్ని తర్వాతి దశకు పంపండి, రెండోదాన్ని రాసుకుని ముందుకు నడవండి.

ఆరో దశ: చవకగా పరీక్షించండి

1940 మే 25న ఆక్స్‌ఫర్డ్ బృందం ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన బ్యాక్టీరియా ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చింది. తెల్లవారేసరికి మందు ఇవ్వని నాలుగూ చచ్చిపోయాయి. ఎనిమిది ఎలుకలు, ఒక్క రాత్రి. తర్వాత ఎక్కువ బూజు పెంచాల్సి వచ్చినప్పుడు సరైన పాత్రలు లేక ఆస్పత్రి బెడ్‌పాన్లు, బిస్కెట్ డబ్బాలు కూడా వాడారు. యుద్ధకాలం, ఏదీ సులువుగా దొరకదు.

మీరూ రెండు వారాల్లో, జేబుకు పెద్దగా చిల్లు పడకుండా చేయగల పరీక్ష ఒకటి గది వదిలే ముందే ఎంచుకోండి. ఏ ఫలితం వస్తే ఆ ఆలోచన వదిలేస్తారో కూడా అప్పుడే రాసుకోండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే, వచ్చిన ఫలితానికి తగ్గట్టు నియమం మారిపోతుంది.

ఏడో దశ: ఎవరి మాట ఎవరిదో రాసి ఉంచండి

దీన్ని చాలామంది మర్యాదకు సంబంధించిన విషయం అనుకుంటారు. నా దృష్టిలో ఇది పనికి సంబంధించినదే. ఒకసారి పేరు దక్కనివాడు రెండోసారి నోరు విప్పడు.

డీఎన్ఏ కథలో చేదు ముక్క కూడా ఉంది. రోసలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త పర్యవేక్షణలో 1952లో తీసిన ఎక్స్-రే ఫోటోను ఆమెకు తెలియకుండా అక్కడే పనిచేసే మారిస్ విల్కిన్స్ 1953 జనవరిలో వాట్సన్‌కు చూపించాడు. మోడల్‌కు అది ముఖ్యమైన ఆధారం అయింది. ఆమె 1958లో చనిపోయింది, 1962 నోబెల్ వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు వచ్చింది. పెన్సిలిన్‌కు 1945లో ఇచ్చిన నోబెల్ ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకు. హీట్లీకి లేదు. 1990లో ఆక్స్‌ఫర్డ్ ఆయనకు వైద్యంలో గౌరవ డాక్టరేటు ఇచ్చేనాటికి ఆయనకు దాదాపు ఎనభై ఏళ్లు.

పద్ధతి కష్టమేమీ కాదు. ఒక నోట్‌బుక్, లేదా అందరూ చూడగల ఒక ఫైలు. తేదీ, ఎవరు ఏ ముక్క తెచ్చారు, అది ఎందులో కలిసింది అని రాయాలి. ప్రతి ఆలోచనకూ ఇద్దరు ముగ్గురి పేర్లు పడతాయి, పడనివ్వండి. పేర్ల విషయం ఆలోచన గెలిచాక మాట్లాడుకుందాం అంటే గొడవే మిగులుతుంది. పేటెంటు, డబ్బు దాకా వెళ్లే పని అయితే వాటా సంగతి మొదటి రోజే కాగితం మీద పెట్టండి.

ఇదంతా అక్కర్లేని సందర్భాలు

ప్రతిదానికీ ఆరుగురిని పిలవకండి. జవాబు ఎవరికో ఇప్పటికే కచ్చితంగా తెలిస్తే ఒక ఫోన్ కాల్ చాలు. ఒక మనిషి నెలల తరబడి ఒంటరిగా లోతుకు దిగాల్సిన పనిలో మధ్య మధ్య మీటింగులు పెడితే ఆ లోతు పోతుంది. మంటలు ఆర్పాల్సిన సమయంలో రకరకాల అభిప్రాయాలు వద్దు. తేలిక గుర్తు చెబుతాను: మీ రంగంలోని మంచి మంచివాళ్లంతా ప్రయత్నించి ఒకే చోట ఆగిపోయారంటే, అప్పుడు బయటివాళ్లను పిలవండి. సైన్సు సమస్యలను బయటివాళ్ల ముందు పెట్టే వేదిక ఒకదాని మీద 2007లో అధ్యయనం జరిగింది. సొంత కంపెనీల్లో పరిష్కారం కాని 166 సమస్యల్లో సుమారు 30 శాతం అక్కడ పరిష్కారమయ్యాయి. సమస్య పరిష్కరించేవాళ్ల సొంత రంగానికి ఎంత దూరంగా ఉంటే, వాళ్లు దాన్ని గెలిచే అవకాశం అంత ఎక్కువగా కనబడింది. మిగతా 70 శాతం అలాగే మిగిలిపోయాయన్నది కూడా మర్చిపోకండి.

పరీక్ష అయిపోయాక

ఫలితం మంచిదైనా చెడ్డదైనా, వచ్చిన ప్రతి ఒక్కరికీ రెండు వారాల్లో నాలుగు వాక్యాలు రాసి పంపండి: మీరు చెప్పిన ఏ ముక్క వాడాం, ఏం జరిగింది, ఏది పనికిరాలేదు, ఎందుకు. ముందుగా బయటి మనిషికి పంపండి. లోపలివాళ్లకు సంగతి ఎలాగూ తెలుస్తుంది, ఆయనకు తెలిసే దారి ఇదొక్కటే. ఇలా రాసినప్పుడు నాకు చాలాసార్లు "అయితే ఇలా చేసి చూశారా?" అని తిరుగు జవాబు వచ్చింది. అది వచ్చిన రోజు మొదటి దశలో రాసిన పేజీ మళ్లీ తీసి, "ప్రయత్నించి పనికిరానివి" కింద ఒక లైను చేర్చండి.